రాహుకాలంలో రీస్టార్ట్

2015 ఎండాకాలం. తిరువూరు బస్టాండు దగ్గర నాకు చిన్న కంప్యూటర్ సర్వీస్ షాపు ఉంది. పెళ్ళిళ్ళ సీజన్‌లో మా ఊళ్ళో మామిడికాయల లారీల కంటే ఎక్కువ హడావిడి ఫోటో స్టూడియోల వాళ్ళదే.

ఒక శుక్రవారం పొద్దున స్టూడియో సుబ్బారావు గారు కంగారుగా ఫోన్ చేశారు. వెళ్ళేసరికి నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు: డిస్క్ చదవలేకపోతున్నాను, రీస్టార్ట్ చెయ్యండి అని. హార్డ్ డిస్క్, అంటే ఫోటోలన్నీ దాచుకునే పెట్టె, లోపల బల్లిలా టిక్కుటిక్కుమంటోంది. ఆ చప్పుడు మొదలైందంటే దానికి ఆయుష్షు తక్కువ. ఆ పెట్టెలో విస్సన్నపేట వాళ్ళ పెళ్ళి మొత్తం ఉంది. కెమెరా కార్డులు అప్పటికే చెరిపేసి రెడ్డిగూడెం పెళ్ళికి వాడేశారు. ఆల్బమ్‌కి ఫోటోలు ఎంచుకోవడానికి పెళ్ళికూతురు తండ్రితో బయల్దేరి వస్తోంది. సాయంత్రానికి ఆ అమ్మాయి అత్తారింటికి ప్రయాణం.

"కట్టిన తాళి మళ్ళీ కట్టించి తీయలేను కదా బాజీ," అన్నారు సుబ్బారావు గారు. నవ్వొచ్చే మాటే గానీ, ఆ మొహం చూస్తే నవ్వలేకపోయాను.

నా సంచిలో లైవ్ సీడీ ఉంది. అది పెడితే హార్డ్ డిస్క్‌తో పని లేకుండా సీడీ నుంచే కంప్యూటర్ నడుస్తుంది, ఆ సందులో ఫోటోలు బయటికి లాగొచ్చు. అందుకు బూట్ ఆర్డర్, అంటే ఆన్ అవగానే కంప్యూటర్ దేన్ని ముందు చూడాలన్న వరస, మార్చాలి. మార్చాలంటే రీస్టార్ట్ చెయ్యాలి. కీబోర్డు మీద చెయ్యి వేయగానే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆగవయ్యా. పదిన్నర దాటింది, రాహుకాలం. పన్నెండు దాకా ముట్టుకోవద్దు."

పోనీ ఇప్పుడు ఆపేసి పన్నెండు దాటాక వేద్దామన్నాను. అదీ కుదరదన్నారు. పొద్దున మంచి ఘడియ చూసి ఆన్ చేశారట, ఆపితే ఆ ఘడియ కాస్తా పోతుందట. ఆన్‌లో ఉన్నంతసేపూ డిస్క్ ఇంకా పాడవుతుందని చెప్పినా వినలేదు. నాకు ఒళ్ళు మండింది. డిస్క్‌కి పంచాంగం తెలియదండీ అన్నాను. తెలియకే ఇలా అయిందన్నారాయన.

అంతలో అద్దాల తలుపు తెరుచుకుంది. కాళ్ళ పారాణి ఇంకా పోలేదు, మెడలో పచ్చటి పసుపుతాడు, వెనక తండ్రి. నాకు ప్రాణం లేచొచ్చింది.

"బాబాయ్ గారూ, కొత్త పెళ్ళికూతురు ఎదురొచ్చింది. ఇంతకంటే మంచి శకునం ఉంటుందా?" అన్నాను సుబ్బారావు గారితో.

ఆయన పసుపుతాడు వైపు చూశారు, గడియారం వైపు చూశారు. చివరికి, "కుడికాలు పెట్టి రామ్మా," అన్నారు. పెళ్ళయిన దగ్గర్నుంచి ప్రతి గడపలోనూ అదే పని చేస్తోంది గనక, ఆ అమ్మాయి ఎందుకని అడక్కుండా కుడికాలు పెట్టింది. నేను రీస్టార్ట్ కొట్టాను.

డిలీట్ కీ టపటపా నొక్కితే సెటప్ తెర వచ్చింది. అదేంటని అడిగారు సుబ్బారావు గారు. "పొద్దున్నే లేవగానే ముందు ఎవరి మొహం చూడాలని మనం అనుకోమా, కంప్యూటర్‌కి కూడా అలాంటి వరస ఉంటుందండి. ఇవాళ్టికి సీడీ మొహం చూపిద్దాం," అన్నాను. ఆయన తృప్తిగా తలూపారు. డ్రైవ్‌లో సీడీ పెట్టి, వరసలో దాన్ని హార్డ్ డిస్క్ కంటే పైకి జరిపి సేవ్ చేశాను.

డ్రైవ్ కాసేపు గిర్రున తిరిగింది. ఫోల్డర్ తెరుచుకుంది. మొదటి ఫోటోలోనే జీలకర్ర బెల్లం. సుబ్బారావు గారు స్టూలు మీద కూలబడి కళ్ళు తుడుచుకున్నారు.

"ఇందులో నా కళ్ళు మూసుకుపోయాయి అంకుల్, ఇది తీసేయండి," అంది పెళ్ళికూతురు.

ఫోటోలన్నీ దక్కాయి. తర్వాత కొత్త హార్డ్ డిస్క్ వేసి వరస మళ్ళీ మామూలుగా మార్చబోతే సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. సీడీ మొహం కలిసొచ్చింది, ఉండనీ అన్నారు. ఆ సీడీని కూడా డ్రైవ్‌లోంచి తియ్యనివ్వలేదు. నాలుగు రోజులకే ఫోన్: రోజూ ఏదో కొత్త తెర వస్తోంది, ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ కనబడటం లేదు. సీడీ తీసేయమన్నాను.

"తీస్తే లేవగానే ఎవరి మొహం చూస్తుంది మరి?" అన్నారు.

చివరికి వెళ్ళి నా సీడీ తీసి, దేవుడి పాటల సీడీ ఒకటి పెట్టొచ్చాను. అందులో కంప్యూటర్‌ని నడిపే సరుకేమీ ఉండదు గనక, మెషిన్ దాన్ని ఒకసారి చూసి హార్డ్ డిస్క్ దగ్గరికి పోతుంది. ఆన్ అవడానికి కాస్త ఆలస్యం. ఎవరైనా ఎందుకని అడిగితే, దణ్ణం పెట్టుకుంటోంది అని చెబుతారాయన.

కస్టమర్‌కి అర్థమయ్యేలా చెప్పడం మా వృత్తిలో సగం పని అంటారు. నిజమే. కానీ మరీ అంత బాగా అర్థమయ్యేలా చెప్పకూడదని నాకు నేర్పింది మాత్రం సుబ్బారావు గారే.