అత్తగారి కోసం బెత్తెడు దించిన వ్యాను

మొన్న పక్కింటివాళ్ళ అల్లుడు హైదరాబాదు నుంచి కొత్త హంగులు చేయించిన కారులో వచ్చాడు. మా వీధి మొదట్లో ఉన్న స్పీడ్ బ్రేకర్ మీద ఆ కారు పొట్ట నేలకి రాసుకుని చేసిన చప్పుడుకి, నేను బియ్యం ఏరుతున్న చేట అక్కడే వదిలేసి బయటికి పరిగెత్తాను. అసలే నాకు ఒకచోట కుదురుగా కూర్చోవటం చేతకాదు, ఏ చిన్న అలికిడైనా గుమ్మంలో ఉండాల్సిందే. అతనేమో సిగ్గుపడకపోగా, ముందు చక్రాల స్ట్రట్లు కోయించి పొట్టి చేయించాననీ, కారు ఇలా నేలబారుగా ఉండటమే ఇప్పటి ఫ్యాషననీ గొప్పగా చెప్పాడు. వాళ్ళ మామగారు తల కొట్టుకున్నారు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే మనసు ఎటో వెళ్ళిపోయింది. ఎందుకంటే నరసరావుపేటలో ఆ పని మొట్టమొదట చేయించింది మేమేనని నా నమ్మకం. అదీ ఫ్యాషను కోసం కాదు, మా అత్తగారి కోసం.

అప్పటికి నేను బడిలో టీచరుగా చేరి ఎంతో కాలం కాలేదు. ఇంట్లో ఫోనుల్లేని రోజులు, మీకూ గుర్తుండే ఉంటాయి. మా అత్తగారు దొడ్లో జారిపడిన దగ్గర్నుంచి ఆవిడ కుడి మోకాలు బిగుసుకుపోయి, చేతికర్రతో నడవగలిగేదే గాని కాలు వంచలేక, కిందికి వంగలేక అవస్థపడేది. సరిగ్గా ఆ సమయంలోనే మాచర్లలో ఉన్న ఆవిడ చెల్లెలు, అంటే మా పినత్తగారు, మంచాన పడి, అక్కని ఒక్కసారి చూడాలని కబురు మీద కబురు పంపటం మొదలుపెట్టింది. చిన్నప్పుడే తల్లి పోతే ఆ చెల్లెల్ని చంకనేసుకుని పెంచింది మా అత్తగారే. ఇక ఎన్నాళ్ళో ఉండదని డాక్టరు చెప్పేశాడు కూడా.

బస్సు ఎక్కించే మాటే లేదు. కారులో ఆ బిగిసిన కాలు చాపుకునే చోటుండదు. మావారు సెకండ్ హ్యాండులో కొన్న వ్యాను ఒకటి ఉండేది, అందులో మధ్య సీటు తీసేస్తే హాయిగా కాలు చాపుకుని వెళ్ళొచ్చు, కాని అది నేలకి ఎత్తుగా ఉండేది. ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే ఆవిణ్ణి బయల్దేరదీశాం. పీట వేస్తే పీట ఊగింది. సరేనని మావారూ మా మరిదీ చెరో పక్కనా చేతులేసి ఎత్తబోయారు. ఈలోగా వీధి వీధంతా చేరి, నడుం పట్టుకోండని ఒకరు, కాలు జాగర్తని ఒకరు సలహాలు మొదలుపెట్టేసరికి ఆవిడ ఇద్దర్నీ ఒక్క విదిలింపు విదిలించింది.

"వదలండ్రా! నేనేమన్నా వడ్ల బస్తానా ఎత్తి పడెయ్యటానికి?"

మామగారు పోయాక పొలం, పిల్లలు, కోర్టు తగాదాలు అన్నీ ఒంటిచేత్తో నెట్టుకొచ్చిన మనిషి ఆవిడ. పదిమందిలో తనని మోసుకెళ్ళటం ఆవిడకి చావుతో సమానం. పోనీ ప్రయాణం మానుకుందా అంటే అదీ లేదు. బట్టల సంచి సర్ది గుమ్మం పక్కన పెట్టుకోవటం, పొద్దున్నే విప్పి మళ్ళీ సర్దటం. ఆవిడ లోపల కర్ర టకటకలాడిస్తూ తిరిగేది, బయట వసారాలో నేను తిరిగేదాన్ని. మా ఇద్దరి తిరుగుడూ చూసి మావారికి పిచ్చెక్కినంత పనయ్యేది.

ఆయన మాటకారి కాదు. ఒకరోజు టేపు తెచ్చి మా వీధిమెట్టు ఎత్తు కొలిచారు, గడప కొలిచారు, వ్యాను కొలిచారు. వాళ్ళమ్మ మెట్టు మీద నిలబడితే వ్యానులోకి అడుగు పెట్టటానికి బెత్తెడు ఎత్తే అడ్డమని తేల్చి, మెట్టుని పెంచుదామంటే మురుగుకాలవ ఉంది కాబట్టి వ్యానునే దించుతానన్నారు. పినత్తగారి ఇంటి ముందు కూడా అలాంటి మెట్టే ఉంది, కాబట్టి అక్కడా ఇబ్బంది లేదట.

మర్నాడే పిడుగురాళ్ళలో లారీలకి వెల్డింగు చేసే మేస్త్రీ దగ్గరికి పోయాం. నన్ను ఇంట్లో ఉండమన్నారు గాని నేను ఉండే రకమా? ముందు చక్రానికి పైన నిలువుగా ఒక గొట్టం ఉంటుంది, దాంట్లోనే షాకబ్జరు కూర్చుంటుంది. ఆ గొట్టాన్నే స్ట్రట్టు అంటారని అక్కడే తెలుసుకున్నాను. దాన్ని విప్పి, ఆయిలంతా వంచేసి, మధ్యలో బెత్తెడు ముక్క కోసి తీసేసి, మిగిలిన రెండు ముక్కల్నీ అతికి, లోపల పట్టేలా చిన్న కారు షాకబ్జరు వెయ్యాలి. వెనక పక్క బరువు మోసే కమాను కట్టలు కూడా ఆ మేరకు దించాలి. మేస్త్రీ ముందు కుదరదన్నాడు, తరవాత ఎవరికోసమని అడిగాడు, అమ్మ కోసమని చెబితే మారు మాట్లాడకుండా రంపం తీశాడు.

ఇక ఆ రోజు నా అవస్థ చెప్పనలవి కాదు. ఒక గొట్టం కోశాక కరెంటు పోయింది. సున్నపు బట్టీల దుమ్ము గాలికి లేచి చీరంతా తెల్లబడింది. రాళ్ళ లారీలు ఒకదాని వెనక ఒకటి పోతుంటే, అవతల మాచర్లలో ఏం జరిగిపోతోందోనని నేను రోడ్డు దాకా పోవటం, రావటం. కరెంటొచ్చాక ముక్కలు వంకర పోకుండా ఎల్ ఆకారపు ఇనుప కమ్మీలో పడుకోబెట్టి అతికాడు. ఎర్రగా కాలుతున్న ఆ అతుకు చూసి, ఇది ఎప్పటికి చల్లారుతుందని ఓపిక పట్టలేక, నేను పక్కన ఉన్న బకెట్లో చెంబు ముంచాను.

"అమ్మా! నీళ్ళు పొయ్యమాకండి! అతుకు చిట్లిద్ది. పోయేది రోడ్డు మీద, మీ అత్తని పెట్టుకోని!" అని మేస్త్రీ ఒక్క కేక వేశాడు.

చెంబు అక్కడే వదిలేసి కూర్చున్నాను. కూర్చున్నానని పేరే గాని, కాళ్ళు ఊపుతూనే ఉన్నాను.

మరునాడు పొద్దున మా అత్తగారు మెట్టు మీద నిలబడి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వ్యానులో అడుగు పెట్టింది. వీధిలో వాళ్ళ వైపు ఒక చూపు చూసింది చూడండి, పట్టాభిషేకానికి పోతున్నట్టే. గురజాల దాటి రెంటచింతల దాకా ప్రతి గుంటకీ వ్యాను పొట్ట గీసుకుంటూనే ఉంది. మావారు నెమ్మదిగా పోనిస్తే, "గీసుకుంటే గీసుకోనియ్యిరా, తొందరగా పోనియ్యి" అని వెనక నుంచి ఒకటే సతాయింపు.

తీరా పినత్తగారి సందు మొగదలకి చేరాక చూస్తే, నీళ్ళ పైపు కోసం అడ్డంగా తవ్వి పూడ్చిన మట్టి గట్టులా ఉంది. మామూలు వ్యానైతే దాటేసేది. మేం దించిన వ్యాను ఆ గట్టు మీద పొట్ట ఆనించి ముందుకూ పోదు, వెనక్కీ రాదు. మెట్టుని కొలిచిన మావారికి సందు సంగతే తట్టలేదు. ఆయన మొహం చూడలేకపోయాను. మా అత్తగారు మాత్రం వ్యాను అంచు మీద కూర్చుని జారి దిగి, నా భుజం పట్టుకుని, కాలీడ్చుకుంటూ ఆ సందంతా నడిచింది.

లోపల పినత్తగారు నులకమంచంలో అతుక్కుపోయి ఉంది. లేవలేదు. ఈవిడ వంగలేదు. ఒకరు మంచం మీద, ఒకరు కర్ర పట్టుకుని నిలబడి, అలా చూసుకుంటూ ఉండిపోయారు.

"అక్కా, వంగవే. మొహం కనపడట్లా" అంది చెల్లెలు.

"వంగలేనే" అంది మా అత్తగారు. చుట్టూ చుట్టాలు, ఇరుగుపొరుగు, గుమ్మం నిండా జనం. ఆవిడ కర్ర పక్కన పడేసి, మావారి వైపూ, పినత్తగారి పెద్దకొడుకు వైపూ తిరిగింది. "చూస్తారేందిరా? నన్నెత్తి దాని పక్కన పడుకోబెట్టండి."

వాళ్ళిద్దరూ ఎత్తి పడుకోబెట్టారు. అక్కచెల్లెళ్ళు మొహాలు ఆనించుకుని ఏం మాట్లాడుకున్నారో మాకు వినపడలేదు. నాకైతే ఏడుపు ఆగలేదు. పినత్తగారు కన్నుమూసేదాకా మా అత్తగారు అక్కడే ఉంది; తిరిగి రమ్మని మేమూ అడగలేదు.

ఇప్పుడు మాచర్ల రోడ్డు అద్దంలా ఉంది. వ్యాన్ల బదులు పెద్ద పెద్ద కార్లొచ్చాయి. నేను, మా చెల్లెలు రోజూ పొద్దున్నే ఫోనులో మొహాలు చూసుకుంటాం, ఏం వండావంటే ఏం వండావనుకుంటాం, తన జుట్టు పూర్తిగా నెరిసిందని కూడా నాకు ఫోనులోనే తెలిసింది. వస్తానంటాను, రమ్మంటుంది, ఇద్దరం నవ్వి పెట్టేస్తాం. నా మోకాళ్ళు ఇంకా బాగానే వంగుతున్నాయి. మా చెల్లెలు ఉండేది మాచర్ల కంటే ఇవతల, గురజాలలోనే.