అర్థం కాకపోతే తల ఊపొద్దు

ఆంటీ పోయారన్న కబురు మోటర్‌వే పక్కన, రెయిలింగ్ అవతల చినుకుల్లో నిలబడి ఉండగా వచ్చింది. స్టీవెనేజ్ ఆఫీసులో పని మధ్యలో వదిలేసి కోవెంట్రీ ఆసుపత్రికి బయల్దేరాను. దారిలో ఇంజన్ లైటు వెలిగింది, బండి ఓసారి కుదుపిచ్చి ఆగిపోయింది. బండిని లాక్కెళ్ళే రికవరీ వ్యాన్ ఇదిగో వస్తోంది అంటారేగానీ రాదు. ఇంతలో అంకుల్ ఫోన్ చేసి, "ఇంక తొందరపడబాకమ్మా. నిదానంగా రా" అన్నారు. కోపం ఆపుకోలేక టైరుని ఒక్క తన్ను తన్నాను. నా కాలే వాచింది. కడసారి చూపు దక్కనివ్వని ఆ డబ్బా మీద నాకింకా కోపం తగ్గలేదు.

ఆవిడ ఇక్కడ ఇంగ్లండులో మా పక్కింటావిడ, ఒంగోలు మనిషి. ఇంజన్ల గురించి నాకెంత తెలుసో ఆవిడకీ అంతే తెలుసు, అంటే ఏమీ తెలియదు. నేను మొదటి కారు కొన్న కొత్తలో పంక్చర్ వేయించడానికి వెళ్ళాను. అక్కడి మనిషి గడగడా ఏదో చెప్పాడు. ముక్క అర్థం కాలేదు. అయినా, క్లాసులో లెక్చరర్ ముందు ఊపినట్టే మర్యాదగా తల ఊపాను. పేరు కూడా ఎప్పుడూ వినని రెండు కొత్త టైర్లు తగిలించి పంపాడు. మొదటి వానకే బండి రౌండబౌట్ మలుపులో జారింది.

"ఎందుకూపావే తల?" అని ఆంటీ ఇంతెత్తున లేచారు. "అర్థం కాకపోతే ఊపొద్దు. మళ్ళీ చెప్పమను. వాడి నోరేం అరిగిపోదు."

అప్పటినుంచీ గ్యారేజీకి నాతో ఆవిడా వచ్చేవారు. వంకాయలు ఏరినట్టు టైర్లు ఏరేవారు. గాడిలో వేలు పెట్టి చూసేవారు, ఎప్పుడు తయారైందో చదివించేవారు. "రోడ్డుకీ మనకీ మధ్యన ఉండేది అరచెయ్యంత రబ్బరేనమ్మాయ్" అనేవారు. మెకానిక్ మాట పూర్తవగానే "నాట్ అండర్‌స్టాండ్ బాబూ, వన్స్ మోర్" అనేవారు. ఆయన మళ్ళీ చెప్పేవాడు. నాకు సిగ్గుతో ప్రాణం పోయేది. సూపర్‌మార్కెట్ కార్ పార్కులో అయితే, గాడి ఎంత అరిగిందో చూడటానికి ఇరవై పెన్నీల బిళ్ళతో నా టైరు ముందు గొంతుక్కూర్చునేవారు. నలుగురూ చూస్తున్నారు లేవండి అంటే, "చూడనీ, వాళ్ళూ నేర్చుకుంటారు" అనేవారు.

ఈ ఏడాది ఇంజన్ లైటు నన్ను కాల్చుకు తింది. సెన్సర్ మార్చారు, ఆరింది. మళ్ళీ వెలిగింది. కాయిల్ మార్చారు, ఆరింది. మళ్ళీ వెలిగింది. అప్పటికే ఆంటీ మంచం పట్టారు, నేనొక్కదాన్నే వెళ్ళాను. "లైటు ఆర్పేశాను, చూద్దాం" అన్నాడు మెకానిక్. ఏం చూస్తామో అడగడానికి పక్కన ఆవిడ లేరు.

ఇక్కడ దహనానికి కూడా వంతు రావాలి, రెండు వారాల తర్వాత ఒక రోజు ఇచ్చారు. శ్మశానానికి ఆ బండిలోనే వెళ్ళాలని నా పట్టుదల. ఆవిడ కూర్చున్న బండి, అది కదలకపోతే నేనూరుకోను. రికవరీ వాళ్ళు దాన్ని మళ్ళీ అదే గ్యారేజీలో దింపారు. ఇంజన్‌కి పెట్రోలు తోడే పంపు పోయిందన్నాడు మెకానిక్. ఎలా తెలిసింది? ఇదొక్కటేనా? ఆ రోజుకల్లా అవుతుందా? "నాకు అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పండి" అన్నాను. చెప్పాడు. మళ్ళీ అడిగాను. విసుక్కోకుండా పాత పంపు తెచ్చి చేతిలో పెట్టి చూపించాడు. అప్పుడు గానీ తల ఊపలేదు.

వెళ్ళబోతూ ఆయన నా వెనక్కి చూశాడు. "ఇవాళ మీ ఆంటీ రాలేదే? బాగున్నారా?"

తల దానంతటదే ఊగింది.

"అడిగానని చెప్పండి" అని నవ్వి లోపలికి వెళ్ళాడు. పిలిచి నిజం చెబుదామని కుర్చీలోంచి లేచాను, అప్పటికే తలుపు మూసుకుంది. మళ్ళీ కూర్చోబోతూ చూసుకున్నాను. వచ్చేటప్పుడే, బస్సులో సీటు ఆపినట్టు, పక్క కుర్చీలో నా హ్యాండ్‌బ్యాగ్ పెట్టి ఉంచాను.