కోరుకున్న బడి

అప్పట్లో నేను పొదిలి దగ్గర పల్లెలో టీచర్ని. మా ఆయనకు అద్దంకిలో పురుగుమందుల కొట్టు, ఇల్లూ అక్కడే. బదిలీల కౌన్సెలింగ్ వచ్చిన ప్రతిసారీ మా ఉపాధ్యాయ సంఘం నాయకుడు బడికొచ్చి రూల్స్ విడమరిచి చెప్పేవారు.

"మీవారిది గవర్నమెంటు ఉద్యోగమైతే స్పౌజ్ కోటాలో అద్దంకి వచ్చేదండీ."

"కొట్టు నడిపితే మొగుడు కాకుండా పోతాడా?" అని ఆయన మీదే ఎగిరేదాన్ని.

మా ఆయన గుండెపోటుతో పోయిన ఏడాది కూడా నాయకుడు వచ్చారు. ఇచ్చిన మంచినీళ్లు ముట్టలేదు.

"వితంతువులకు ప్రాధాన్యం ఉందండీ మేడమ్. ఈసారి అద్దంకి మీకే," అన్నారు తలెత్తకుండా.

వచ్చింది. బడి మా పక్క వీధిలోనే.

"ఇల్లింత దగ్గర, మధ్యాహ్నం వెళ్లి వేడిగా తినిరావచ్చుగా?" అనేవారు తోటి టీచర్లు.

నేను మాత్రం క్యారేజీ తెచ్చుకునేదాన్ని.