బుధవారం గారి నాలుగు గళ్ళు

మా టపా గుమాస్తాను ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పడు. జవాబు బుధవారం పేపర్లో వస్తుంది. ఇది నేను కల్పించిన మాట కాదు. కుళాయిల ఆఫీసులో ఇరవై రెండేళ్ళు ఊడ్చి, తుడిచి, టీలు మోసినదాన్ని. లేనివి చెప్పే అలవాటు నాకు లేదు, ఉన్నవి చెప్పడానికే రోజు చాలదు.

ఆయన పని ఆఫీసుకు వచ్చిన ఉత్తరాల మీద 'అందినది' అని ముద్ర గుద్ది, పుస్తకంలో ఎక్కించి, ఎవరి బల్లకు వాళ్ళకు చేర్చడం. అది జీతం కోసం చేసే పని. అసలు పని కిటికీలోకి చూడడం. "బాబూ" అని పిలిస్తే మెల్లగా తల తిప్పేవాడు. అడిగింది శ్రద్ధగా వినేవాడు. రెండుసార్లు కళ్ళార్పి, మళ్ళీ కిటికీలోకి వెళ్ళిపోయేవాడు. వెళ్ళిపోవడమంటే మనిషి కుర్చీలోనే ఉంటాడు, చేతిలో ముద్ర గాలిలోనే ఉంటుంది, లోపలివాడు మాత్రం ఉండడు. ఆ కిటికీ బయట ఉన్నదల్లా ఒక గోడ, గోడ మీద ఒక పైపు, పైపు పైన అరచేతి వెడల్పు ఆకాశం. ఆ అరచేతి వెడల్పు ఆకాశంలోంచి ఆయన వారానికి నాలుగు గళ్ళ బొమ్మలు దింపేవాడు.

ఆ బొమ్మల పేరు 'నాలుగు గళ్ళ ఆఫీసు'. పేపర్లో ఆరో పేజీ, వాతావరణం పక్కన. ఆ ఆఫీసులో ఫైళ్ళకు గడ్డాలు మొలిచేవి. ఫ్యాన్లు తిరిగి తిరిగి, కళ్ళు తిరిగి, గుమాస్తాల ఒళ్ళో పడి నిద్రపోయేవి. ఆఫీసరు బల్ల ఎంత పొడుగంటే ఈ కొసనుంచి ఆ కొసకు పడవ వేసుకుని వెళ్ళాలి. సంతకం కోసం బయలుదేరినవాడు తిరిగి వచ్చేసరికి మీసాలు నెరిసేవి. అందులో అసలు మనిషి ముక్కు గుమాస్తా. ఆయన ఇంకా మొదటి గడిలో ఉండగానే ఆయన ముక్కు రెండో గడిలోకి వెళ్ళి, అక్కడ ఏం జరుగుతోందో చూసి వచ్చేది. ఇంత చూసే ముక్కు ఉండి కూడా ఆఫీసులో ఏ తప్పు జరిగినా చేసేది ఆయనే.

మా టపా గుమాస్తా ఆఫీసులో చేరిన కొత్తలో నేను టీ పట్టుకెళ్ళి అడిగాను.

"పంచదార ఎన్ని చెంచాలు బాబూ?"

కిటికీ.

"ఒకటా, రెండా?"

కిటికీ. చెవుడేమో పాపం అనుకుని గట్టిగా అరిచాను. పక్క గదిలోంచి పెద్ద సారు "రెండు" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు నుంచి కక్షకొద్దీ నాలుగేసి చెంచాలు వేశాను. ఎనిమిదో రోజున మా టైపిస్టమ్మ పేపరు పట్టుకుని వచ్చింది.

"పెద్దమ్మా, మీ పంచదారకు జవాబొచ్చింది."

మొదటి గడిలో ముక్కు గుమాస్తా టీ కప్పులోకి దిగుతున్నాడు. రెండో గడిలో కప్పు అడుగున పంచదార ఇసుకలో నడుస్తున్నాడు. మూడో గడిలో ఒక చీమ గొడుగు పట్టుకుని తోడు నడుస్తోంది. నాలుగో గడిలో ఆయన చీమతో అంటున్నాడు: "ఒక చెంచా చాలు, ఇంటికి దారి కనబడడం లేదు."

అప్పటినుంచీ ఆయనకు మేము పెట్టిన పేరు బుధవారం. మర్యాద తెలిసినవాళ్ళం కనుక బుధవారం గారు.

వాళ్ళావిడ కూడా మా ఆఫీసు వల్ల దొరికినదే. కుళాయి దరఖాస్తు పట్టుకుని వచ్చేది. ఒకసారి నాతో టీ తాగుతూ చెప్పింది.

"మూడు నెలలు తిరిగాను పెద్దమ్మా. నాలుగో నెలలో విసుగొచ్చి, కుళాయి సంగతి తర్వాత, నన్ను పెళ్ళి చేసుకుంటారా అని అడిగేశాను."

"ఏమన్నాడు?"

"కిటికీ."

"తర్వాత?"

"బుధవారం దాకా అన్నం సయించలేదు. బుధవారం పొద్దున చూస్తే ముక్కు గుమాస్తా తన చొక్కా మీద, సరిగ్గా గుండె దగ్గర, 'అందినది' అని ముద్ర గుద్దుకున్నాడు. ఆ పేపరు పట్టుకుని రెండు వీధులు దాటిపోయాను, నేనెక్కడికి వెళ్తున్నానో నాకే తెలియదు."

"మరి కుళాయి?"

"ఇంకా రాలేదు పెద్దమ్మా."

పెద్ద సారు ఒకసారి "ఎందుకయ్యా ఆలస్యం?" అని గద్దించారు. ఎనిమిదో రోజున ముక్కు గుమాస్తా గడియారం ముల్లు పట్టుకుని వేలాడుతున్నాడు, కింద బొజ్జ ఆఫీసరు "దిగు, టైమవుతోంది" అని కేకలు వేస్తున్నాడు. ఆ బొజ్జ కింది అంతస్తు సారుదని మా సారు అనుకున్నారు. మా సారుదని కింది సారు అనుకున్నారు. ఇద్దరూ ఆ బొమ్మ కత్తిరించి బల్ల అద్దం కింద పెట్టుకుని, వారం రోజులు ఒకరిని చూసి ఒకరు నవ్వుకున్నారు. రెండు బొజ్జల కిందా రోజూ తుడిచేదాన్ని నేను. నాకైతే తేడా కనబడలేదు.

ఇక రికార్డు గది సంగతి.

రికార్డు గుమాస్తా మోకాలి నొప్పితో సెలవు పెట్టాడు. పై ఊరి నుంచి తనిఖీ వస్తోందన్నారు. పెద్ద సారు ఫోను చెవిన పెట్టుకుని నడుస్తూ నడుస్తూ, "పెద్దమ్మా, ఆ గది కాస్త సర్దెయ్" అన్నారు. సర్దడమంటే నాకు ఒకటే పద్ధతి తెలుసు. వంటింటి అలమారులో గిన్నెలు ఎలా సర్దుతామో అలా. పొడుగువి వెనక, పొట్టివి ముందు, లావువి అడుగున, సన్నవి పైన. ఎర్ర అట్టలు ఒక వరస, నీలం అట్టలు ఒక వరస. అట్టల మీద అంకెలు ఉండవా అంటారేమో. ఉన్నాయి. రాసినవాడికి చెయ్యి వణుకు, వాటి మీద ఇరవై ఏళ్ళ మసి. నాకు చదవడం రాక కాదు.

మూడు రోజులు సర్దాను. మూడో రోజు మధ్యాహ్నం పైకిటికీలోంచి ఎండ ఏటవాలుగా దిగింది. దుమ్ము ఆ ఎండలో బంగారు పొట్టులా తేలుతోంది. పుస్తకాల వాసన, పాత జిగురు వాసన, ఎక్కడో కుళాయి చుక్క చుక్కగా కారుతున్న చప్పుడు. బుధవారం గారు టపా కట్ట పట్టుకుని వచ్చి, ముక్కాలి పీట మీద కూర్చుని, ఆ తేలే దుమ్మును అరగంట చూశాడు. ఒక ఫైలు ముందుకు వచ్చి ఉంటే మునివేలితో మెల్లగా వెనక్కి నెట్టాడు, వరస చెడకుండా. వెళ్ళిపోయాడు.

గురువారం తనిఖీ ఆయన వచ్చాడు. సన్నటి మనిషి, సన్నటి గొంతు. అరిచేవాళ్ళంటే నాకు భయం లేదు, మెల్లగా మాట్లాడేవాళ్ళంటేనే భయం.

"మిల్లు వెనక వీధి కుళాయిల ఫైలు తెండి" అన్నాడు.

ఇద్దరు గుమాస్తాలు లోపలికి వెళ్ళారు. గంట తర్వాత ఒక్క తుమ్ము లేకుండా బయటికొచ్చారు. ఫైలు కూడా లేకుండానే వచ్చారు.

ఆయన వెళ్ళి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అంకెల వరస కాదు. ఏళ్ళ వరస కాదు. వీధుల వరస కూడా కాదు. ఇది ఎవరి పని?"

పెద్ద సారుకు తాను చెప్పిన మాట గుర్తులేదు. రికార్డు గుమాస్తా సెలవులో ఉంటే ఆ గది తాళాలు ఇద్దరి దగ్గరే ఉంటాయి, నా దగ్గర, టపా గుమాస్తా దగ్గర. ఆ మాట చెప్పారు.

"రేపు పదకొండింటికి వస్తాను. పేరు రాతపూర్వకంగా ఉండాలి. పర్మినెంటు మనిషైతే హెచ్చరిక. తాత్కాలికమైతే రేపటితో సరి" అన్నాడు తనిఖీ ఆయన.

నేను తాత్కాలికం. ఇరవై రెండేళ్ళుగా తాత్కాలికం.

ఆ పని పోతే తమ్ముడి ఇంటికి పోవాలి. తమ్ముడు మంచివాడు. మరదలు ఇంకా మంచిది, అదే నా భయం. "మీరేం చెయ్యకండి వదినా, కూర్చోండి" అంటుంది. కూర్చోబెట్టి చంపుతుంది. చీపురు అరిగేదాకా ఊడ్చాలి గానీ మూలన ఆనించి ఉంచితే పురుగు పడుతుంది. నేను చేశానని చెప్పెయ్యాలని నోరు తెరిచాను. ఊరందరికీ జవాబు చెప్పే నా నాలుక ఆ రోజు పైకి లేవలేదు. ఇది ఒప్పుకోవడం నాకిష్టం లేదు, కానీ జరిగింది అదే.

పెద్ద సారు టపా బల్ల దగ్గర నిలబడ్డారు.

"నువ్వా సర్దింది?"

కిటికీ.

"ఇతని జవాబు వచ్చే బుధవారానికి గానీ రాదు" అని ఆయన తల పట్టుకున్నారు. "పెద్దమ్మా, రేపు పొద్దున నాకు కనబడు."

శుక్రవారం పొద్దున బకెట్టు కింద పెట్టక ముందే టైపిస్టమ్మ మెట్లెక్కి రొప్పుతూ వచ్చింది.

"పెద్దమ్మా, బుధవారం ఇవాళే వచ్చేసింది."

ఆరో పేజీ. వాతావరణం ఉండాల్సిన చోట నాలుగు గళ్ళు. ఆ రోజు ఊరికి వాతావరణమే లేకుండా పోయింది, గొడుగులు తేవాలో వద్దో తెలియక సగం మంది తెచ్చారు, సగం మంది తేలేదు. బొమ్మలో ముక్కు గుమాస్తా టేపు పట్టుకుని ఫైళ్ళను కొలుస్తున్నాడు. తర్వాత వాటిని గ్రూప్ ఫోటోకు నిలబెట్టినట్టు పొడుగువి వెనక, పొట్టివి ముందు పెడుతున్నాడు. ఒక ఆఫీసరు వచ్చి ఫైలు అడిగితే "ఎంత ఎత్తుదండీ?" అంటున్నాడు. చివరి గడిలో ఆఫీసరును కూడా కొలిచి రెండో వరసలో నిలబెట్టాడు. గీత గీతకూ తొందర కనబడుతోంది. బల్లకు మూడే కాళ్ళు. మూడో గడిలో గుమాస్తాకు ముక్కు పెట్టడం మరిచిపోయాడు.

అంతలో బుధవారం గారు ఇంట్లో మరిచిపోయిన టిఫిన్ డబ్బా తీసుకుని వాళ్ళావిడ వచ్చింది.

"నిన్న సాయంత్రం ఇంటికి రాకుండా సరాసరి పేపరాఫీసుకు పోయారట పెద్దమ్మా. అక్కడ నోటితో అడిగారట."

"నోటితోనా?"

"నోటితోనే. 'రేపటి పేపర్లో నాకు నాలుగు గళ్ళు కావాలి' అన్నారట. అక్కడి పెద్దాయన పదేళ్ళలో ఈయన గొంతు విననే లేదట. ఆ కంగారులో వాతావరణం తీసేసి ఇచ్చేశారట."

నేను మెట్ల మీద కూలబడ్డాను. ఈయనకు తన ముక్కు తప్ప లోకం లేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. కవర్లు తారుమారు చేసింది టైపిస్టమ్మ, బొమ్మలో చేసింది ముక్కు. సిరా ఒలకబోసింది రికార్డు గుమాస్తా, బొమ్మలో ముక్కు. మీటింగులో గురక పెట్టింది సాక్షాత్తూ పెద్ద సారు, బొమ్మలో ముక్కు. ఎనిమిది రోజులు ఆగి జవాబిస్తే తప్పు ఎవరిదో ఎవరికి గుర్తుంటుంది? అందరూ నవ్వేసేవారు, ముక్కు ఒక్కటే మిగిలేది. నా తప్పుకు ఎనిమిది రోజుల వ్యవధి లేదని, ఆ మనిషి పరుగెత్తాడు.

నేను లేచి పెద్ద సారు గదిలోకి వెళ్ళాను.

"సారూ, సర్దింది నేను."

ఆయన పేపరు చూపించారు. "ఇదిగో, ఇతను ఒప్పుకున్నాడు. అచ్చులో."

"అది అబద్ధం సారూ."

"పేపర్లో పడింది అబద్ధమా? మరి నీ దగ్గర రాతపూర్వకంగా ఏమైనా ఉందా?"

"నా దగ్గర చీపురుంది సారూ."

"చీపురు సాక్ష్యం కాదు పెద్దమ్మా. వెళ్ళు."

పదకొండింటికి తనిఖీ ఆయన వచ్చాడు. జేబులో మడిచిన పేపరు. రికార్డు గది గుమ్మంలో నిలబడి, ఆ అరల వైపు చూసి, మళ్ళీ పేపరు చూసి, పెదవి బిగించాడు. నవ్వు ఆపుకునేవాడి పెదవి నాకు తెలుసు.

"మిల్లు వెనక వీధి" అన్నాడు, ఎవరితోనో కాదు, గదితో. "ఎంత ఎత్తుదో?"

నా నోరు ఊరుకోలేదు. ముందురోజు లేవని నాలుక అప్పుడు లేచింది. "పొట్టిదండీ, లావుది. అట్ట మీద టీ మరక" అంటూ రెండో అర ముందు వరసలోంచి తీసి చేతిలో పెట్టాను. కళ్ళు మూసి తెరిచేంత సేపు పట్టలేదు.

ఆయన నా వైపు చూశాడు, ఫైలు వైపు చూశాడు, పేపరు వైపు చూశాడు. తర్వాత టపా బల్ల దగ్గరికి నడిచాడు.

"ఏమయ్యా, నిజంగా నువ్వేనా సర్దింది?"

బుధవారం గారు తల తిప్పి శ్రద్ధగా విన్నాడు. రెండుసార్లు కళ్ళార్పాడు. కిటికీలోకి వెళ్ళిపోయాడు. బయట పైపు మీద ఒక పిచ్చుక వాలింది. మేమందరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. ఆఫీసంతా కాసేపు తాడు విప్పిన పడవలా తేలింది.

"సార్" అన్నారు పెద్ద సారు. "దానికి జవాబు బుధవారం వస్తుంది."

తనిఖీ ఆయన కలం మూత పెట్టాడు. "అయితే నా రిపోర్టు గురువారం రాస్తాను" అన్నాడు.

ఆ బుధవారం నాలుగు గళ్ళలోనూ ఒకటే కిటికీ. గోడ, పైపు, అరచేతి వెడల్పు ఆకాశం. మాట లేదు. నాలుగో గడి అంచున మాత్రం ముక్కు కొస కొంచెం కనబడుతోంది.

రిపోర్టు టపాలో వచ్చింది. బుధవారం గారే దాని మీద 'అందినది' అని ముద్ర గుద్ది తెచ్చి ఇచ్చాడు. టైపిస్టమ్మ పైకి చదివింది: "జవాబు అందినది. నాలుగు గళ్ళనూ పరిశీలించడమైనది. అర్థం కాలేదు. కనుక విషయం ఇంతటితో ముగించడమైనది. ఫైలు మాత్రం వెంటనే దొరికినది."

పెద్ద సారు నా తాత్కాలికపు కాగితం మీద ఇంకో ఏడాదికి సంతకం పెట్టారు. రిపోర్టు కూడా నా చేతికే ఇచ్చి, భద్రంగా పెట్టమన్నారు. పొట్టిది, సన్నది. ముందు వరసలో పైన పెట్టాను.