నీడ లేని పిల్ల, చివరి నాలుగు కాగితాలు

మొన్న కరీంనగర్‌లో జాకెట్ కుట్టించుకోవడానికి వెళ్తే, దర్జీ ముందుగా పాత దినపత్రిక పరిచి దాని మీద నా కొలతలకు గీతలు గీశాడు. కత్తెర కాగితాన్ని కోసుకుంటూ పోయే కరకర చప్పుడు, దాని వెంబడే మిషను నూనె వాసన. చేతి పొడవు ఎంతమ్మా అని ఆయన రెండుసార్లు అడిగాడట, నేను వినలేదు. అప్పటికే గ్రేసక్క గదిలో ఉన్నాను. ఆమె గుర్తొచ్చిన ప్రతిసారీ జరిగేదే మళ్లీ జరిగింది. ముందు ప్రేమ పొంగింది, ఆ వెనకే సరోజ గుర్తొచ్చి కడుపు మండింది.

గ్రేసక్క మా బొగ్గుబాయి క్వార్టర్లలో బట్టలు కుట్టేది. భర్త బాయిలో పనిచేసేవాడు. పిల్లలు లేరు. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులు మిషనుకు. బడి వదలగానే మేం అయిదారుగురం ఆడపిల్లలం ఆమె గదికి చేరేవాళ్లం. కాజాలు కుట్టడం నేర్చుకోవడానికని ఇంట్లో చెప్పేవాళ్లం గానీ, అసలు వెళ్లేది కథ కోసం. అప్పట్లో ఒక వారపత్రికలో నవల సీరియల్‌గా వస్తుండేది. నీళ్ల కింది లోకం నుంచి ఒక పిల్ల నేల మీదికి వస్తుంది. ఆమెకు నీడ ఉండదు. ఆమెను ప్రేమించిన పడవవాడు ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదు. నలుగురికీ తెలిసిన రోజున ఆమె తిరిగి నీళ్లలోకి వెళ్లిపోవాలి. అక్క ప్రతి వారం ఆ భాగాన్ని మాకు చదివి వినిపించి, పేజీలు కత్తిరించి పెట్టెలో దాచేది. అన్నీ అయ్యాక సూదీ దారంతో పుస్తకంగా కుట్టాలని ఆమె ఆలోచన.

పడవవాడు నోరు మూసుకుని ఉంటే సరిపోతుంది కదా అని ఒకరోజు నేను విసుక్కున్నాను. అక్క పంటి కింద దారం తెంపి నవ్వింది.

"వద్దన్న మాట కథల ఊకెనే రాదు బిడ్డ. వద్దన్నరంటే అది అయితది. ఎప్పుడు అయితదో అనే మనం గిట్ల కూసుంటం."

ఇప్పుడు కాలేజీలో కథ గురించి పాఠం చెప్పేటప్పుడు ఆ మాటనే కాస్త పుస్తకాల భాషలోకి మార్చి చెప్తాను. పిల్లలు రాసుకుంటారు. అది ఎవరి మాటో వాళ్లకు ఇంతవరకూ చెప్పలేదు. అక్కను వాళ్లతో కూడా పంచుకోవడం నాకిష్టం లేదు.

సరోజతో పంచుకోవడం అంతకంటే కష్టంగా ఉండేది. ఆమెది నా వయసే, మా వెనక వరుస క్వార్టరే. నేను కుట్టిన కాజా అక్క విప్పించి మళ్లీ కుట్టించేది, సరోజది ఒక్కసారికే బాగుందనేది. మిషను తొక్కనిచ్చిందీ ముందు ఆమెనే. కథలో ఏదైనా మంచి చోటు వస్తే అక్క కళ్లెత్తి సరోజ వైపే చూసేదని నాకు గట్టి అనుమానం. అది చూడటానికే కూర్చున్నట్టు కూర్చునేదాన్ని, సగం కథ అలాగే పోయేది.

సరోజ వాళ్ల బాపు రిటైరై బోథ్ దగ్గర సొంతూరికి వెళ్లిపోతున్నారని తెలిసిన వారమే నవల చివరి భాగం వచ్చింది. అక్క దాన్ని తనొక్కతే చదువుకుని, శనివారం అందరికీ చదువుతానంది. ఆ తర్వాత మామూలుగా, బట్ట మడత పెడుతూ, పుస్తకం కుట్టి సరోజకు ఇస్తానని చెప్పింది. దూరం పోతున్న పిల్లకు ఒక గుర్తుంటుందని. ఏ ఊరికీ పోకుండా రోజూ వచ్చే నాకు ఏమీ లేదా? అక్క నీళ్లు పట్టడానికి బయటికి వెళ్లినప్పుడు పెట్టె తెరిచి, చివరి భాగం నాలుగు కాగితాలు తీసి లెక్కల పుస్తకంలో పెట్టుకున్నాను. పుస్తకం సరోజదే కానీ, ముగింపు మాత్రం ఆమెకు దొరకకూడదు.

శనివారం పెట్టె వెతికితే కాగితాలు లేవు. సరోజ వాళ్ల అవ్వ అక్కడే ఉంది, పిల్లలందరి సంచులూ చూద్దామంది. నా సంచి నా ఒళ్లోనే ఉంది. అక్క ఒకసారి మమ్మల్నందరినీ చూసి, చేత్తో వద్దన్నట్టు ఊపింది.

"ఆగుండ్రి. నేనే జాకెట్ కటింగుకు కోసినట్టున్న. నాకే సోయి లేకపాయె."

అక్క మతిమరుపు నన్ను కాపాడిందనుకున్నాను. మర్నాడు, చివరి భాగం లేకుండానే కుట్టిన పుస్తకం పట్టుకుని, సరోజను బస్సెక్కించడానికి అక్క ఒక్కతే వెళ్లింది. ఆ నవల ముగింపు మాకెవరికీ ఎప్పుడూ చెప్పలేదు. నేను మాత్రం తలుపు గడియ పెట్టుకుని చదివాను. పడవవాడు స్నేహితుడి దగ్గర నోరు జారతాడు, ఊరికి తెలిసిపోతుంది, పిల్ల నీళ్లలోకి వెళ్లిపోతుంది, వాడు ఒడ్డున కూర్చుంటాడు. అంతే. దొంగిలించినంత గొప్పగా లేదు.

కొన్నేళ్లకు ఆ నవల సినిమాగా వచ్చింది. అక్కను వెంటబెట్టుకుని సుల్తానాబాద్ వెళ్లి చూశాను. సినిమాలో స్నేహితుడి బదులు హాస్యగాడు రహస్యం బయటపెట్టాడు, మధ్యలో ఒక మాంత్రికుడు వచ్చాడు, పిల్ల గుడి ముందు నాట్యం చేస్తే దేవత ప్రత్యక్షమై ఆమెకు నీడ ప్రసాదించింది, పెళ్లయింది. అంతా మార్చేశారని నేను మండిపడ్డాను. అక్కకు కోపం రాలేదు. హాల్లో కూర్చున్నవాళ్లు ఏడ్చుకుంటూ ఇంటికి పోవడానికి ఇష్టపడరని, సినిమా పద్ధతి సినిమాదని అంది. మరి నీకైతే ముగింపు ఎట్లా ఉండాలని అడిగాను.

"నాది ఎప్పుడో ఒక్కరికి చెప్పిన బిడ్డ. ఇంకొకరికి చెప్పేది కాదు," అంది.

ఆ ఒక్కరు ఎవరో అడగాల్సిన పని లేదు. సరోజ చేతికి అందకూడదని నేను కాగితాలు తీస్తే, వాటికి బదులు అక్క తన సొంత ముగింపే ఆమెకు ఇచ్చింది. నా దగ్గర అచ్చులో ఉన్నది, ఎవరైనా కొనుక్కోగలిగేది. సరోజ దగ్గర ఉన్నది లోకంలో ఇంకెవరి దగ్గరా లేదు.

రెండేళ్ల కింద అక్క పోయింది. సమాధి కార్యక్రమం అయ్యాక చర్చి మెట్ల మీద సరోజ నా పక్కన కూర్చుంది. జుట్టు నెరిసింది. నేను అడగకుండానే ఆ కథ ఎత్తింది. ఆ రోజు బస్టాండులో అక్క తనకు చెప్పిన ముగింపట, అక్క ఉన్నన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదట.

"పడవాయన నోరు జారిండు. పిల్లకు నీడ ఉన్నదో లేదో చూస్తమని ఊరంత లేచింది. అప్పుడు ఒక ముసలవ్వ అన్నది, రేపు మిట్టమధ్యాన్నం ఏటికాడికి రండ్రి, అందరం చూద్దం అని. పోయిన్రు. ఎండ నడినెత్తిన ఉన్నది. ఎవరి నీడ వాళ్ల కాళ్ల కిందనే పాయె. పిల్లకు ఉన్నదో లేదో ఎవ్వరు చెప్పలేకపాయిరి."

"ముసలవ్వకు తెల్వదా?" అన్నాను.

"తెలుసు. తెలిసే మిట్టమధ్యాన్నం యాల్ల పెట్టింది."

అప్పుడు నాకు జాకెట్ కటింగు మాట గుర్తొచ్చింది. జాకెట్ కటింగుకు అక్క ఎప్పుడూ దినపత్రికే వాడేది. వారపత్రిక కాగితం అంత చిన్నది, అందులో జాకెట్ చెయ్యి కూడా పట్టదు. ఆ గదిలో అన్నేళ్లు కూర్చుని నాకది తట్టలేదు. సరోజ కళ్లు తుడుచుకుంటూ ఇంకో మాట అంది.

"ఆ కాగితాలు ఎవలు తీసిన్రో గని, వాళ్లకు దండం పెట్టాలె. అవి ఉంటే అక్క నాకు గిది చెప్పకపోవు."

అప్పుడు సాయంత్రం నాలుగైంది. నా నీడ మెట్ల మీద పొడుగ్గా పడి ఉంది. నేను నోరు విప్పలేదు.

ఆ నాలుగు కాగితాలు ఇప్పటికీ నా బీరువాలోనే ఉన్నాయి. వాటితోపాటు కుళ్లు కూడా ఉంది, దాచడమెందుకు. ఆ ముగింపు పుట్టింది నా వల్ల, ఆ శనివారం అక్క నన్ను కాసిన తీరులోంచి. అయినా అక్క దాన్ని చెప్పింది సరోజకే. సరోజా, ఇది నీ కంటబడితే ఒకసారి రా. కాగితాలు తీసింది నేనే. అవి తీసుకుపోయి నీ పుస్తకానికి కుట్టుకో. పోయే ముందు మాత్రం, బస్టాండులో అక్క ఆ కథ చెప్తున్నప్పుడు ఎవరి వైపు చూసిందో ఒక్కటి చెప్పు. నీ వైపేనా, లేక నేనున్న క్వార్టర్ల వైపా?