చిగుళ్ల మీద పడని నింద

ఆర్నెల్ల పాటు నా ఇంట్లోనే నన్ను దొంగను చేశారు. మాత్రలు వేళకు మింగుతున్నా షుగరు దిగలేదు. పొద్దున జొన్నరొట్టె, మధ్యాహ్నం పిడికెడు అన్నం, ఛాయ్‌లో చక్కెర లేదు. అయినా పరీక్ష చేయించిన ప్రతిసారీ అంకె పైకే పోయేది. మా ఆయన ఆ కాగితం చూసి, నన్ను చూసి, "చాటుకు తింటున్నవ్," అనేవాడు. పక్కింటివాళ్లు వేములవాడ ప్రసాదం తెస్తే నా చేతిదాకా రానిచ్చేవాడు కాదు. గల్ఫ్‌లో ఉన్న కొడుక్కి, హుజూరాబాద్‌లో ఉన్న బిడ్డకు ఫోన్ చేసి మరీ చెప్పాడు, మీ అమ్మకు నోరు కట్టుకోవడం చేతకాదని. బిడ్డ కూడా నమ్మింది. అది నాకు అన్నిటికంటే ఎక్కువ మంట.

ఒట్టేసినా నమ్మలేదు. ఇక ఒట్లు వేయడం మానేశాను.

చిగుళ్ల నుంచి నెత్తురు రావడం అప్పటికే పాతది. మా అవ్వది ఆదిలాబాద్ వైపు. అక్కడ కొందరు ఆడవాళ్లు పొగాకును పెనం మీద మాడ్చి, పొడి చేసి పండ్లకు రుద్దుకుంటారు. మిశ్రీ అంటారు దాన్ని. నాకూ అదే అలవాటు. బ్రష్ పెడితే నెత్తురొస్తోందని బ్రష్ పక్కన పడేసి, చిగుళ్లు గట్టిపడతాయని రెండు పూటలా మిశ్రీయే రుద్దాను. ఆ బుద్ధితక్కువ పని నాదే, ఒప్పుకుంటాను. లడ్డూ తిన్నానంటే మాత్రం చచ్చినా ఒప్పుకోను.

ఒక పన్ను కదలడం మొదలైంది. "క్లీనింగ్ చేయిస్తే ఉన్నయన్నీ వదులైతయ్, పోకు," అన్నాడు మా ఆయన. వినకుండా ఒక్కదాన్నే ఆటో ఎక్కి కరీంనగర్‌లో పండ్ల డాక్టరు దగ్గరికి పోయాను. ఆ డాక్టరమ్మ చిగుళ్ల సందుల్లో సన్నటి పుల్ల దించి చూసి, "అమ్మా, మీకు షుగర్ ఉందా?" అని అడిగింది. ఉందన్నాను, దిగడం లేదన్నాను.

"చిగుళ్ల లోపల చీము పట్టింది. ఈ ఇన్ఫెక్షన్ షుగర్‌ను దిగనియ్యది, షుగర్ ఎక్కువుంటే చిగుళ్లు మానయి. ఇదొక్కటే కారణమని చెప్పలేను. కాని మీరేం తినకున్నా ఇట్లయితది."

మీరేం తినకున్నా. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది, కోపంతో వచ్చిన ఏడుపు.

మిశ్రీ ఆ రోజే మానేశాను. నాలుగుసార్లు పోయి చిగుళ్ల లోపలిదాకా శుభ్రం చేయించుకున్నాను. మాత్రలు అవే, తిండి అదే. మూడు నెలలకు షుగరు తగ్గింది. పూర్తిగా మామూలుకు రాలేదు గానీ మందు పెంచాల్సిన పని లేదన్నారు.

మా ఆయన కాగితం చూసి, "చూసినవా, నేను కట్టడి చేస్తే ఎట్ల దిగిందో," అన్నాడు.

"నువ్వు కట్టడి చేసింది నా నోటిని. రోగమున్నది చిగుళ్లల్ల. పిల్లల ముందట నన్ను దొంగను చేసినవ్. ఫోన్ తియ్యి. అమ్మ తినలేదని నువ్వే చెప్పు."

"పోనియ్ తియ్, గిప్పుడెందుకు?"

"గిప్పుడే."

బిడ్డకు ఫోన్ కలిపాడు. "మీ అమ్మ ఏం తినలే బిడ్డా. నేనే ఉత్తగ అన్న," అన్నాడు నేల చూస్తూ. "అమ్మకియ్యి బాపూ," అంది అది అవతలి నుంచి.

ఆయన ఫోన్ నా వైపు చాచాడు. కొడుక్కి కూడా చెప్పినంకనే మాట్లాడతానన్నాను.