అడగకముందే ఒప్పుకునే బ్రహ్మచారి

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ వెనక సందులో బ్రహ్మచారిది వడ్రంగి దుకాణం. చేతిలో పనితనం ఉంది, నోట్లో భయం ఉంది. ఇంటి ఓనర్ తలుపు వైపు కాస్త అనుమానంగా చూస్తే చాలు, విషయమేమిటో తెలియకుండానే "గలతి నాదే సార్" అనేసేవాడు. వానకు ఉబ్బిన తలుపు, పిల్లలు పట్టుకుని ఊగితే ఊడిన కప్‌బోర్డ్ రెక్క, తప్పులన్నీ అతని గలతులే. వాదిస్తే పని పోతుంది, ఒప్పుకుంటే ఓనర్ చల్లబడతాడు. వాళ్ళ నాయన నేర్పిన విద్య అది. చిత్రిక పట్టడం కన్నా ముందు అదే వంటబట్టింది.

"నీ గలతులన్నీ నిజమే అయితే ఈపాటికి సగం సికింద్రాబాద్ కూలిపోవాలె" అనేది భార్య సుమిత్ర.

ఏ.ఎస్. రావు నగర్‌లో బుల్లబ్బాయి గారి ఫ్లాట్‌కు బీరువా చేసినప్పుడు, ఆయన భార్య సీతారత్నం గారు కోరితే, వెనక పలక మాటున ఒక రహస్యపు సొరుగు పెట్టాడు. ఇప్పుడు ఆ సొరుగులోని హారం పోయింది. తాళం పగల్లేదు. సొరుగు సంగతి తెలిసింది ఇంటివాళ్ళిద్దరికీ, చేసిన బ్రహ్మచారికీ. పోలీసులు ఎవరికి ఫోన్ చేస్తారు?

సుమిత్రకు చెప్పకుండానే స్టేషన్‌కు బయల్దేరాడు. మర్యాదగా కనిపిస్తే మర్యాదగా చూస్తారని, పెళ్ళిళ్ళకు దాచుకున్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. స్టేషన్‌లో కుర్చీ చూపిస్తే కూర్చోకుండా, దాని కాలు ఊగుతోందని ఒంగి చూశాడు.

"ఏందీ, రిపేర్‌కొచ్చినవా?" అని కానిస్టేబుల్ తిరుమల్ కసిరితే గానీ కూర్చోలేదు.

ఎస్సై పేరు హదస్సా. ఎదుట కూర్చుని, తొందర లేకుండా మొదలుపెట్టింది.

"బ్రహ్మచారి గారూ, హారం పోయిన కేసుల మీ మీద డౌట్ ఉంది. అందుకే పిలిచినం. అరెస్ట్ చెయ్యలే. మీ మీదికే వచ్చే మాట మీరు చెప్పాలని లేదు, మేం బలవంతం చెయ్యొద్దు. వకీలును పిలుచుకోవచ్చు. ఇంట్లోవాళ్ళకు ఫోన్ చేసుకోవచ్చు. సమజైందా?"

తిట్టి ఉంటే బ్రహ్మచారి ఇంత భయపడేవాడు కాదు. వకీలు దాకా వచ్చిందంటే లోపల వేయడం ఖాయమైపోయిందనుకున్నాడు.

"నాకు వకీలెందుకు మేడం? నేనేమన్న దొంగనా?"

"నేను గట్ల అనలే. మీకున్న హక్కు చెప్పిన."

"అది సరే గానీ, తాళం పగల్లే. మరి సొరుగు ఎట్ల తెరుచుకుంది?" తిరుమల్ మధ్యలో దూరాడు.

ఆ గొంతులో ఓనర్ల విసుగే వినిపించింది. బ్రహ్మచారి చేతులు వాటంతటవే జోడయ్యాయి.

"గలతి నాదే సార్."

అన్న తర్వాత గానీ తానేమన్నాడో తనకు తెలియలేదు. తిరుమల్ పెన్ను అప్పటికే కాగితం మీద ఉంది.

"ఆపు" అంది హదస్సా.

"ఆయనే ఒప్పుకున్నడు గద మేడం! అరెస్టయినోనికి చెప్పాలె గానీ, ఊకె అడగనీకి పిలిచినోనికి గివన్నీ ఎందుకు? మనమే నోరు మూపిచ్చినట్టయితది."

"మూసుకున్నడా? చెప్పినంక సుత ఎట్ల అన్నడో చూసినవ్ గద. అరెస్ట్ చేసినంక చెప్తే ఏం ఫాయిదా తిరుమల్? అప్పటికే మాట బయటవడి ఉంటది. మన ముందు ఒప్పుకున్నది కోర్టుల నిలవడదు. ఈయన వాడకట్టుల మాత్రం నిలవడ్తది."

ఆ చివరి మాట బ్రహ్మచారికి సూటిగా తగిలింది. వడ్రంగిని జనం పడగ్గది దాకా, బీరువా దాకా నమ్మి రానిస్తారు. దొంగ అన్న పేరు ఒక్కసారి పడితే ఇక ఏ గడపా తొక్కనివ్వరు.

"మేడం, నా భార్యకు ఫోన్ చేస్త" అన్నాడు.

ఆమె వచ్చేదాకా నోరు మెదపలేదు. ఎవరైనా తిట్టబోయే ముందే ఇంత నిశ్శబ్దం ఉంటుందని అతనికి తెలుసు. ఏదో ఒకటి ఒప్పేసుకుని దాన్ని పోగొట్టుకోవాలని నాలుక పీకుతోంది. పళ్ళు బిగించి కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది.

సుమిత్ర వచ్చింది. తిట్టలేదు. ఎదురుగా నిలబడి అడిగింది.

"తీసినవా?"

"లే."

"మరి ఏం గలతి నీది?"

బ్రహ్మచారి హదస్సా వైపు తిరిగాడు.

"నేను తియ్యలే మేడం. సొరుగు చేసిన, తాళంచెవులు రెండూ అమ్మగారి చేతికిచ్చిన. మళ్ల ఆ ఇంటికి పోలే. ఇందాక అన్నది భయానికి అన్న."

హదస్సా అదే రాయించింది. మళ్ళీ పిలిస్తే రావాలని చెప్పి పంపింది.

కొన్నాళ్ళకు హారం ఒక పాలిష్ మనిషి దగ్గర దొరికింది. బీరువాకు పాలిష్ వేయించిన రోజు సీతారత్నం గారు తాళంచెవులు సొరుగుకే వదిలేసి వంటింట్లోకి వెళ్ళారట. ఆ మనిషి మొదట్లో పోలీసుల లెక్కలోకి రానే లేదు, ఎందుకంటే ఇంటివాళ్ళకు అతను గుర్తుకే రాలేదు.

బుల్లబ్బాయి గారు ఫోన్ చేశారు. "ఏమయ్యా బ్రహ్మచారీ, మనసులో ఏం పెట్టుకోకు. సొరుక్కి కొత్త తాళం వెయ్యాలి. నీ అంత నమ్మకస్తుడు మాకెవరున్నారు చెప్పు?"

"గా నమ్మకం మొన్న ఏడికి పోయిందో అడుగు" అని సుమిత్ర పక్కనుంచి గొణిగింది.

అతను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"వస్త సార్. కానీ పని అయ్యేదాకా మీరిద్దరు ఆ గదిలనే కూసోవాలె."

కూర్చున్నారు. మంచం అంచున పక్కపక్కనే, బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లల్లా. కాసేపటికి సీతారత్నం గారు కాఫీ పెట్టుకొస్తానని లేవబోయారు.

"పని అయినంక తాగుత అమ్మా. కూసోండి" అన్నాడు బ్రహ్మచారి, తల తిప్పకుండా.

ఆమె మళ్ళీ కూర్చున్నారు. అతను తొందరపడకుండా ఒక్కో మరమేకూ బిగించుకుంటూ పోయాడు.